దుమ్ము దిగే గంట

"తుమ్మొస్తే వీధిలోకి వెళ్ళి తుమ్ము" అని చెప్పి వదిన కిందికి దిగిపోయింది. వేళాకోళానికి అందేమో అనుకుంది ఆమె, కానీ వదిన వీపు నవ్వుతున్న వీపులా లేదు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని, మోకాళ్ళను బతిమాలుకుంటూ దిగుతున్న వీపు అది. ఆమె పై మెట్టు మీద కూర్చుంది. వెనక పిల్ల గది. తలుపుకు అడ్డంగా ప్లాస్టిక్ పట్టా, దాని అంచుల చుట్టూ టేపు. లోపల ఎవరూ లేరు, ఏమీ కదలడం లేదు, కదలకపోవడమే ఇప్పుడక్కడ జరుగుతున్న పని. కిటికీ పాత రంగు తడిపి గీకడం అయింది, కడగడం అయింది, కొత్త రంగు వేయడం అయింది, గదంతా మళ్ళీ తుడవడమూ అయింది. మిగిలిందల్లా గాలిలో తేలుతూ ఇంకా కిందికి రాని ధూళి. అది కంటికి కనపడదు. గంటసేపు దాని మానాన దాన్ని వదిలేస్తే నేలకు దిగుతుంది. అప్పుడు వదిన తెల్లగుడ్డ తడిపి గదిలో అక్కడా ఇక్కడా తుడిచి చూస్తుంది. గుడ్డ తెల్లగానే ఉంటే సాయంత్రం ల్యాబ్ మనిషి వచ్చి పరీక్షకు తన గుడ్డలు తను తీసుకుపోతాడు, వాళ్ళు సరేనంటే వదిన ఇంట్లో ఉంటున్న పిల్ల ఇంటికొస్తుంది. గుడ్డ మాసిందంటే ల్యాబ్ మనిషిని రావద్దని చెప్పాలి. అతను ఈ వైపుకు వారానికోసారే వస్తాడు. వారం. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె మనసు, లేని మెట్టు మీద కాలు వేసినట్టు తూలింది.

ఇదే మెట్టు. పిల్లను నిద్రపుచ్చి, చేతివేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించుకుని, వెనక్కి వెనక్కి నడిచి బయటపడి, లేస్తుందో లేవదో అని ఊపిరి బిగబట్టి కూర్చున్న మెట్టు. ఆ రోజుల్లో తలుపు కిర్రుమంటే ప్రాణం పోయేది. ఇప్పుడూ అంతే, అదే కూర్చోవడం, మోకాళ్ళ మీద అదే గడ్డం, లోపల పడుకోవలసింది పిల్ల కాదు, అంతే తేడా. పడుకో, అనుకుంది ఆమె, కనపడని ఆ ధూళితో, పడుకో తల్లీ, అటూ ఇటూ దొర్లకు, మంచిదానివి కదూ. తన గొంతు తనకే లోపల వినిపించి నవ్వొచ్చింది. ఆ విషాన్ని తల్లీ అంటున్నాను. సీసం అన్న మాట ఎంత మెత్తగా ఉంటుంది నోట్లో, పాలసీసా లాగా. చిన్నప్పుడు పలకా పెన్సిలూ లాగా ఏదో బడి వస్తువు పేరనుకునేది. డాక్టరు చెప్పేటప్పుడు కూడా మొదట భయం వేయలేదు. పిల్ల రక్తంలో ఉంది, ఉండకూడనంత ఉంది, అయినా చెయ్యి దాటిపోయేంత లేదు, ఇక మీదట ఒంట్లోకి పోకుండా చూసుకుంటే మెల్లమెల్లగా తగ్గుతుంది, అన్నాడతను. ఇక మీదట పోకుండా. ఆ చిన్నమాట ఇంట్లో పెట్టి చూసుకుంటే ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది: గోడ, గట్టు, నేల, బొమ్మలు, ఆ వేళ్ళు, ఆ నోరు.

ఈ ఇల్లు కొన్నదే ఆ కిటికీల కోసం. ఆమె భర్తది పుస్తకాలకు అట్టలు కట్టే పని. చిరిగినవి, పాతవి, విడిపోయినవి చూస్తే అతని చేతులు ఊరుకోవు. తలుపు తీసిన మొదటిరోజే ఆ పొడుగాటి చెక్క రెక్కల ముందు నిలబడి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా మొహం పెట్టాడు. పిల్ల పుట్టాక సెలవు దొరికినప్పుడల్లా గరుకు కాగితం పట్టుకుని రుద్దాడు, మెషినుతో కాదు, చేత్తో, అంత ప్రేమగా. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద గంధపు రంగు, అన్నిటికన్నా అడుగున చిక్కటి మీగడలాంటి తెలుపు. "చూడు, ఒక్కో కాపురానికి ఒక్కో రంగు" అనేవాడు. ఆ అడుగు తెలుపులోనే ఉంది సీసమంతా. ఆ పొడి పిండిలా మెత్తగా ఉండేది, అతని కనురెప్పల మీద కూడా వాలేది, ఆ రెప్పలతోనే వచ్చి పిల్లను ఎత్తుకుంటే అది తండ్రి తెల్ల కనుబొమల మీద చేత్తో చరుస్తూ కేరింతలు కొట్టేది. ముగ్గురూ కలిసి నవ్వేవాళ్ళు. ఇప్పుడతను ఆ కిటికీ వంక చూడడు. తిట్టమని అడుగుతున్నట్టు ఆమె ఎదురుగా తచ్చాడతాడు, ఆమెకు తిట్లు దొరకవు. పిల్ల కోసమని అంత ఒద్దికగా ఒక్కడూ కూర్చుని రుద్దినవాణ్ణి ఏ మాటతో తిడతారు.

తిట్టవలసి వస్తే ముందు తనను తిట్టుకోవాలి, ఆ ఫోటో తీసింది తను. పిల్ల నిలబడడం నేర్చిన కొత్త. కిటికీ గట్టు దానికి సరిగ్గా గడ్డం ఎత్తు. రెండు చేతులూ గట్టు మీద వేసి, వీధి చూస్తూ, కొత్త పళ్ళ దురద కొద్దీ గట్టు అంచు కొరికింది. రంగు మీద నాలుగు పంటిగాట్లు, పైన రెండు, కింద రెండు, ముద్ర కొట్టినట్టు. ఎంత ముద్దొచ్చాయో అవి. దగ్గర్నుంచి తీసి చుట్టాలందరికీ పంపింది: మా ఎలుకపిల్ల ఇల్లు తినేస్తోంది. అందరూ గుండె బొమ్మలు పంపారు, పెదనాన్న ఒక పిల్లి బొమ్మ పంపాడు. వదిన ఒక్కతే బొమ్మ పంపలేదు, ఫోన్ చేసింది. బాగున్నావా లేదు, పిల్ల ఎలా ఉంది లేదు. "ఆ రంగు ఎప్పటిది?" అంది. ఏమో వదినా, ఇల్లు పాతది కదా, అంటే "ఎంత పాతది?" అంది. ఆమెకు ఒళ్ళు మండింది. పళ్ళు చూపిస్తే రంగు కనపడిందా ఈవిడకు, మనిషికి ముచ్చటన్నదే లేదా, అని ఆ సాయంత్రమంతా భర్త చెవిలో పోరుపెట్టింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. అంతమందిలో ఆ ఫోటోలో ఉన్నదాన్ని చూసింది ఒక్క మనిషి. మిగతావాళ్ళం మన ముచ్చట మనం చూసుకున్నాం. ప్రేమకు కూడా రకరకాల కళ్ళుంటాయి కాబోలు, కొన్ని తడిసి మసకబారే కళ్ళు, కొన్ని తడవకుండా తెరుచుకుని ఉండే కళ్ళు. ఆ రెండో రకాన్ని ఇన్నేళ్ళూ తను రాతికళ్ళు అనుకుంది. తనది టెలిఫోన్‌లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ళు అరుస్తుంటే క్షమించండి, అర్థమైందండి, అని వెన్నలాంటి గొంతుతో చెబుతుంది. ఒక్క వదిన ఫిర్యాదులే వినలేకపోయేది.

కింద గురక మొదలైంది. ముందుగదిలో చాప మీద వాలి ఉంటుంది వదిన. ఆ గురకలో కూడా ఒక క్రమం ఉంది, ఎత్తుకోవడం, నిలపడం, దింపడం. చాటున ఆవిడ పేరు తడిగుడ్డ. ఆ పేరు పెట్టింది తమ్ముడే, అంటే ఆమె భర్తే. పెళ్ళయిన కొత్తలో అక్క రాబోతోందంటే "తడిగుడ్డ వస్తోంది, పరుగెత్తు" అనేవాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే ఒక వేలు కిటికీ గట్టు మీద గీత గీసేది వదిన, ఆ వేలిని వెలుతురులో చూసుకునేది, ఏమీ అనేది కాదు. అనకపోవడమే అసలు దెబ్బ. ఆమె తుడిచిన కంచాన్ని మళ్ళీ తుడిచేది. చీపురు చూస్తే పాము చూసినట్టు చేసేది. "ఊడవడమంటే దుమ్ముకి చోటు మార్చడం" అనేది. ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా తల నెరిసిన మనిషి, రిటైరైనా చేతులు రిటైర్ కాలేదు అనుకుని నవ్వుకునేవాళ్ళు ఇద్దరూ. మరి ఆ చేతులు ఈ గదిలో పని చేస్తుంటే చూసిన కొద్దీ ఆమెకు నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. ఎక్కడో పాత ఇళ్ళ రంగు తీసే పనివాళ్ళకు క్లాసు చెబుతారంటే, కుర్ర పెయింటర్ల మధ్య ముందు వరసలో కూర్చుని నేర్చుకొచ్చింది వదిన. "నీకెందుకే ఇదంతా, మనిషిని పెట్టిస్తాను" అన్న తమ్ముడితో "నీ మేనకోడలు తింటుందిరా ఆ గట్టు? నా మేనకోడలు" అంది.

ఆ మొదటిరోజు పని ముగించి వదిన గుమ్మంలో నిలబడి ఒంటి మీది తొడుగు విప్పిన తీరు. తల మీంచి జారవిడిచి, భుజాల దగ్గర వేళ్ళు లోపలి వైపుకు పెట్టి, బయటి పక్క ఒంటికి తగలకుండా తిరగేసుకుంటూ, తిరగేసుకుంటూ, చివరికి ఆ తెల్లటి ఆకారమంతా లోపలిది బయటికి వచ్చి పిడికెడు ఉండైపోయింది, ఒక్క రేణువు రాలలేదు. పండు తొక్క ఒలిచినట్టు కాదు, పండే తొక్కను లోపలికి మింగేసినట్టు. "మురికిని ఎప్పుడూ లోపలికి మడవాలి" అంది వదిన, తనలో తనే. చూస్తూ ఆమె చేతిలోని బకెట్టు దించడం మరిచి నిలబడిపోయింది. సంగీతం తెలియనివాళ్ళు కూడా పాట విని ఒక్కోసారి అలా నిలబడిపోతారు. ఎన్ని వందల శరీరాల పక్కన నిలబడి నేర్చాయో ఆ చేతులు, ఎవరి పేరూ తెలియకుండా, స్పృహ లేనివాళ్ళ కోసం, రేపు లేచి థాంక్స్ కూడా చెప్పనివాళ్ళ కోసం. థియేటర్‌లో ముట్టుకునే మనిషి ఒకరు, ముట్టుకోని మనిషి ఒకరు ఉంటారట. లోపలి మనిషి చేతికి కావలసినవి బయటి మనిషి అందించాలి, హద్దు దాటకూడదు. "నువ్వు బయటి మనిషివి. చిన్న పని అనుకోకు, నువ్వు తప్పు చేస్తే నా పని బూడిదలో పోసినట్టే" అని ఆమెను ఈ పట్టాకు ఇవతల నిలబెట్టింది. నీళ్ళు మార్చి అందించడం, సబ్బు, గుడ్డలు, మూట కట్టిన సంచీలను ఇంకో సంచీలోకి దించుకోవడం. ఆమె ఒక్కసారి కూడా మురికి చేతినీ శుభ్రమైన చేతినీ కలిపేసుకోలేదు. వదిన మెచ్చుకోలేదు. మెచ్చుకోకపోవడాన్ని తను మెచ్చుకోలుగా తీసుకోవడం నేర్చుకుంటోందని ఆమెకు ఇప్పుడు తోచింది, ఈ మెట్టు మీద.

పోయినవారమే ఇదంతా అయిపోవలసింది. ఇలాగే గంట సగంలో ఉండగా ఆమె భర్త పని నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. కొత్త రంగు వేసిన కిటికీని ఒక్కసారి చూద్దామని పట్టా పక్కనుంచి దూరాడు, గదిలోకి అడుగు పెట్టగానే చెయ్యి అలవాటు కొద్దీ దానంతటది ఫ్యాను స్విచ్చి మీదికి పోయింది. ఫ్యాను రెక్కల పైభాగాన ఉన్న ధూళంతా గదిలో చల్లినట్టయింది. చెయ్యి స్విచ్చి మీదే ఉండగా అతని మొహం ఎలా అయిందో, ఆ మొహం ఆమెకు ముసలితనంలో కూడా గుర్తుంటుంది. వదిన మెట్లెక్కి వచ్చింది. ఇప్పుడు చూడాలి, అనుకుంది ఆమె, ఇల్లు ఎగిరిపోతుంది. వదిన తమ్ముణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "ఫ్యాను పైన తుడవకుండా ఎవరు మర్చిపోయారు? నేను. నువ్వు వేసి చూపించావు కాబట్టి తెలిసింది, లేకపోతే దాన్ని పిల్ల నెత్తిన తిప్పేవాళ్ళం" అంది. అంతే, తర్వాత మళ్ళీ పైకప్పు దగ్గర నుంచి మొదలుపెట్టింది. తప్పును అంత మామూలుగా, కింద పడ్డ చెంచా తీసి పెట్టినట్టు, తన పక్కకు తీసుకునే మనిషిని ఆమె అంతకు ముందు చూడలేదు. తన ఆఫీసులో తప్పులు బంతుల్లా ఒకరి మీంచి ఒకరి మీదికి ఎగురుతూనే ఉంటాయి, ఎక్కడా దిగవు. గాలిలో తేలేది దుమ్మొక్కటే కాదు.

ఒళ్ళో ఫోను వణికింది. ఆమె లేచి, పిల్లి నడక నడిచి, మెట్లు దిగి, గురక పక్కనుంచి వీధిలోకి వచ్చి తీసింది. వదిన భర్త. బస్సు నడిపిన మనిషి, చెవిలో మాట్లాడినా బస్టాండులో అరిచినట్టుంటుంది.

"ఏమ్మా, నిద్రపోయిందా మీ దుమ్ము?"

"పోతోందన్నయ్యా. మీ ఎలుకపిల్ల ఏం చేస్తోంది?"

"నా మీసం సగం పీకేసింది. మిగతా సగం నువ్వొచ్చి తీసుకెళ్తావా, ఇక్కడే పారెయ్యమంటావా?"

ఆమె నవ్వింది. "రాత్రి పడుకుందా?"

"ఓ, బ్రహ్మాండంగా. అంటే, అదీ... మీ వదిన చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు."

"ఏం లేదులే తల్లీ. తలుపు వైపు చూసి ఏడ్చింది కాస్త. భుజం దిగనంటే దిగనంది. మీ వదినే తిప్పింది పొద్దుటిదాకా, నన్ను ఎత్తుకోనిస్తేగా. నేను చెప్పానని అనకు, నా ప్రాణాలు తీస్తుంది."

వచ్చి మళ్ళీ మెట్టు మీద కూర్చుంది ఆమె. ఆ మోకాళ్ళతో. రాత్రంతా పిల్లను భుజాన వేసుకుని అటూ ఇటూ నడిచి, పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఈ గది నేల మీద బోర్లా పడి మూలమూలా తుడిచి, ఒక్క మాట అనకుండా. తలుపు వైపు చూసి ఏడ్చింది. ఏ వైపు తలుపో, ఎలాంటి తలుపో, ఆ ఎత్తు నుంచి చూస్తే ఎంత పెద్దగా ఉంటుందో. తను అక్కడ పడుకోకూడదా అంటే వాళ్ళది ఒక గది ఇల్లు, పైగా బయటి మనిషి లేకపోతే ఇక్కడ పని సాగదు, ఉద్యోగం సాగదు. వెళ్ళిన ప్రతిసారీ వచ్చేయవలసి రావడమే పిల్లకు ఎక్కువ గాయమని తెలిసి వెళ్ళడం తగ్గించింది. తగ్గించిన ఖాళీలోకి వదిన భుజం వచ్చింది. అసూయపడాలి కదా తను, అని వెతికి చూసుకుంది ఆమె, నాలుకతో పంటినొప్పి వెతుక్కున్నట్టు. మొదట్లో ఉండేది అక్కడే. ఇప్పుడు అక్కడ ఉన్నది ఏమిటో దానికి పేరు తెలియలేదు. తన బిడ్డ బరువు తన భుజం మీదే ఇంకో ఒంటితో మోస్తున్నట్టు, ఆ మోకాళ్ళ నొప్పి తనకూ రావలసినట్టు. సాయంత్రం ల్యాబ్ మనిషి వస్తాడు. రావాలి. ఎల్లుండికి పిల్ల ఈ మెట్ల మీదే పాకుతుంది. పడుకో తల్లీ, అంది మళ్ళీ వెనకనున్న గదితో, ఈసారి నవ్వు రాలేదు.

గురక ఆగింది. గంటయిందని ఎవరూ లేపలేదు, అలారం పెట్టుకోలేదు. స్పృహ లేనివాళ్ళ పక్కన బతికిన మనిషికి లోపలే ఏదో గడియారం ఉంటుంది. వదిన పైకొచ్చి, కొత్త తొడుగు వేసుకుని, మాస్కు బిగించి, పట్టా అంచు ఎత్తి లోపలికి జరిగింది. ప్లాస్టిక్ వెనక ఆవిడ నీళ్ళలో మనిషిలా కనిపిస్తోంది. వంగింది. నేల మధ్యన తుడిచి చూసింది, పక్కన పెట్టింది. తెలుపు. తలుపు వెనక. తెలుపు. కిటికీ గట్టు, పిల్ల గడ్డం ఆనించే చోట. తెలుపు. ఇక చివరిది, రెక్కలు మూసుకునేచోట చట్రం అడుగున సన్నటి గాడి. వేలికి గుడ్డ చుట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా లాగింది వదిన. వెలుతురుకు పట్టి చూసింది. తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పట్టా దగ్గరికి వచ్చి, లోపలి నుంచి ఆ గుడ్డను ప్లాస్టిక్‌కు ఆనించి పట్టుకుంది, ఆమె కళ్ళ ఎదురుగా.

"నీకేమనిపిస్తోంది?" అంది.

ఇన్నేళ్ళలో వదిన ఎవర్నీ ఆ మాట అడగడం ఆమె వినలేదు. గుడ్డ మధ్యన సన్నటి చార ఉంది. ఉందో లేదో అన్నంత. నిద్ర చాలని కంటి కింద నీడలాంటి బూడిద రంగు.

"ఇక్కడ వెలుతురు కూడా సరిగ్గా లేదు" అంది వదిన.

వెలుతురు బోలెడుంది. మధ్యాహ్నపు ఎండ ఆ పొడుగాటి కిటికీలోంచి వదిన వీపు మీద, నేల మీద, గుడ్డ మీద పడి మెరుస్తోంది. ఆమె మాస్కు పైనున్న కళ్ళలోకి చూసింది. ఎర్రగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఒక సాకు కోసం వెతుక్కుంటున్న కళ్ళు, తన కోసం కాదు. రాత్రంతా భుజం మీద ఆ ఏడుపు మోసి, దాన్ని ఇంకో వారం ఆ తల్లి ముందు పెట్టడానికి చేతకాక, నువ్వు సరే అంటే సరే అనుకుంటాను అంటున్న కళ్ళు. రేణువుకు కూడా లొంగని మనిషి. వదిన చేసిన పనులన్నిటినీ ఆమె మెచ్చుకుంటూ వచ్చింది, కానీ ఆ మెప్పంతా ఒక ఎత్తు, పట్టా వెనక ఈ తడబాటు ఒక ఎత్తు. ఇంత కఠినం ఎందుకయిందో, ఎంత మెత్తనిదాన్ని కాపాడుకోవడానికి అయిందో ఒక్క క్షణం కనపడింది. సరే అనేయొచ్చు. ల్యాబ్ మనిషి గాడి దాకా పోతాడో లేదో. ఎల్లుండి. చేతుల్లో ఆ బరువు. మెడ వెనక ఆ వాసన. నోరు తెరిస్తే చాలు, సరే అన్న మాట అక్కడే కూర్చుని ఉంది. కానీ ఆ కిటికీ రెక్క తెరిచి మూసినప్పుడల్లా ఆ చార కొంచెం కొంచెంగా గట్టు మీదికి రాలుతుంది.

"వెలుతురు బాగానే ఉంది వదినా" అంది ఆమె. "అది మాసింది."

వదిన గుడ్డ దించింది. "మాసింది" అంది చివరికి, మాస్కులోంచి పెద్ద ఊపిరి వదిలి. "ల్యాబ్‌కి ఫోన్ చెయ్యి. మా తమ్ముణ్ణి కూడా రమ్మను పని మానేసి, బయటి మనిషి కావాలి."

"బయట నేనున్నాను కదా?"

"నా వల్ల కాదే ఇవాళ. మోకాళ్ళు చచ్చిపోయాయి. లోపలికి నువ్వు రావాలి."

ఆమె మూడు ఫోన్లు చేసింది. ల్యాబ్ మనిషి సరేనండి, వచ్చేవారం అన్నాడు. భర్త వెంటనే బయలుదేరుతున్నాననీ, ఏ గదిలోనూ ఏదీ ముట్టుకోననీ అన్నాడు. ఆ చివరి మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. బస్సు అన్నయ్య మాత్రం ఈసారి జోకు వేయలేదు. "ఉండు, చెవి దగ్గర పెడతాను" అన్నాడు మెల్లగా. ఊపిరి వినిపించింది, తడిగా, దగ్గరగా, ఫోను కొరుకుతున్నట్టు. చెప్పాలనుకున్నవన్నీ ఎటో పోయాయి. "ఇంకా కాలేదమ్మా" అంది ఆమె, ఫిర్యాదులు వినే గొంతుతో కాదు, తనకున్న మామూలు గొంతుతో. "ఇంకా ఒక చోట ఉంది. అది తీసేశాక వద్దువుగాని."

వీధి తలుపు దగ్గర భర్త అడుగులు వినిపించాక చేతులు కడుక్కుని, తొడుగులో కాళ్ళు దూర్చింది, మాస్కు ముక్కు మీద నొక్కుకుంది. పట్టా అంచు ఎత్తి లోపలికి జరిగింది. గది తడి సబ్బు వాసన వేస్తోంది. కిటికీ కింద వదిన ఆమె కోసం చిన్న బ్రష్షూ గుడ్డలూ వరసగా పెట్టి ఉంచింది. గాడి మొదలు ఎక్కడో వేలితో చూపించి, గోడ పట్టుకుని లేచి, పక్కకు జరిగి చోటిచ్చింది.